సీ-ఫోర్ సీటులో స్కాలరమ్మ

పరిశోధన అంటే గ్రంథాలయాల్లో దుమ్ము పీల్చుకుంటూ కూర్చోవడం కాదనీ, ప్రభుత్వమే ఒక పెద్ద గ్రంథాలయమనీ, కావలసినంత దుమ్ము అక్కడా ఉందనీ పరిపాలనా సంస్కరణల మంత్రిగారు యూనివర్సిటీ ఆడిటోరియంలో ప్రకటించారు. ఆ చివరి మాట ఆలోచించి అన్నారో, ఊపులో వచ్చేసిందో తెలియదు గానీ చప్పట్లు మాత్రం దానికే గట్టిగా పడ్డాయి. చప్పట్లు వినగానే మంత్రిగారు ఉపన్యాసం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన కాగితం జేబులో పెట్టారంటే పథకం ఒకటి పుట్టబోతోందని పక్కన కూర్చున్న కార్యదర్శికి అనుభవం. అతను గబగబా పెన్ను తీసి పట్టుకున్నాడు.

"ఇవాళ్టి నుంచి నా శాఖ తలుపులు మీకోసం తెరిచేస్తున్నాను," అన్నారు మంత్రిగారు. "పొలిటికల్ సైన్సు వాళ్ళు, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ వాళ్ళు, రండి. మా ఆఫీసుల్లో కూర్చోండి. చూడండి. తప్పుంటే తప్పని రాయండి. తప్పు దొరక్కపోతే అది మా తప్పు కాదు."

పథకానికి 'తెరిచిన తలుపు' అని పేరు పెట్టారు. తన శాఖను తానే పరీక్షకు పెట్టుకున్న మంత్రిని ఈ తరంలో చూడలేదని మర్నాడు పత్రికలు రాశాయి. నిజానికి ముందు తరంలో కూడా ఎవరూ చూసి ఉండరు.

ఆ రోజు మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టిన వాళ్ళలో ఒక పీహెచ్‌డీ విద్యార్థిని ఉంది. నాలుగేళ్ళుగా ఆమె స్థానిక సంస్థల్లో అధికార వికేంద్రీకరణను పునఃపరిశీలిస్తోంది. యూనివర్సిటీ గ్రంథాలయంలో ఆ విషయం మీద ఇప్పటికే నలభై ఒక్క పునఃపరిశీలనలు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ గడువు ఆరేళ్ళు. ఇంకా రెండేళ్ళు మిగిలాయి. ఆలోగా థీసిస్ సమర్పించకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, చదివిందంతా గాలికి పోతుంది.

పక్క సీట్లో ఉన్న గైడు గారు ఆమె చెవిలో, "టాపిక్ మార్చేద్దాం," అన్నారు.

"నాలుగేళ్ళు చదివాను సార్."

"చదివింది ఎక్కడికి పోతుందమ్మా? మొదటి చాప్టర్లో పెట్టేద్దాం."

గైడు గారికి మంత్రిగారి సలహా మండలిలో సభ్యుడు కావాలని ఒక చిన్న కోరిక ఉండేది. పద్దెనిమిదేళ్ళ నుంచీ అది చిన్నదిగానే ఉంది. కాబట్టి టాపిక్ మారింది. 'ప్రభుత్వ నిర్ణయాల్లో జాప్యం: కారణాలు, నివారణ' అని కొత్త పేరు ఖాయమైంది. తెరిచిన తలుపులోంచి లోపలికి అడుగు పెట్టడానికి ఆమెకు మూడు నెలలు పట్టింది.

ఆమెకు కేటాయించింది జాప్య నివారణ విభాగం. ఏ ఆఫీసులో పని ఆలస్యమైనా, ఆలస్యమైందని జనం రాసుకునే ఫిర్యాదు చివరికి వచ్చి చేరేది అక్కడికే. రెండో అంతస్తులో ఒక పొడుగాటి గది, ఏడు బల్లలు, ఏడు కుర్చీలు. ప్రతి బల్ల మీదా సీ-వన్ నుంచి సీ-సెవెన్ దాకా చెక్క ముక్కల మీద రాసి పెట్టి ఉంది. ఆ ఏడుగురిలో ఇద్దరు రిటైరయ్యారు. ఒకరు మంత్రిగారి పేషీలో డెప్యుటేషన్ మీద ఉన్నారు. ఒకరు జాప్యాన్ని నివారించడం ఎలా అన్న శిక్షణకు వెళ్ళారు, అది మూడో ఏడాది నడుస్తోంది. మిగతా ముగ్గురి నియామకం పరిశీలనలో ఉంది. గది చివర గాజు తలుపు వెనక సూపరింటెండెంటు ఒక్కరే కూర్చుని, ఇంతమందిని అదుపులో పెట్టే మనిషిలాగా అలిసిపోయి కనిపించారు.

ఆమెను చూడగానే ఆయన లేచి నిలబడ్డారు. తనిఖీకి వచ్చిందనుకున్నారు. విద్యార్థిని అని తెలిశాక కూర్చుని, ఇంకా మర్యాదగా మాట్లాడారు.

"ఎక్కడైనా కూర్చోండమ్మా, అన్నీ మనవే. సీ-ఫోర్ అయితే ఫ్యాను కిందికి వస్తుంది."

ఆమె ఫ్యాను కోసం సీ-ఫోర్‌లో కూర్చుంది. అంతకు మించి ఆమెకు ఏ దురుద్దేశమూ లేదు.

మర్నాడు పదిన్నరకు, పాతికేళ్ళ సర్వీసున్న అటెండరు వచ్చి ఆమె బల్ల మీద పదకొండు కాగితాలు పెట్టాడు.

"ఇవి నాకు కాదండీ, నేను స్టూడెంటుని," అంది ఆమె.

"సీ-ఫోర్‌కేనమ్మా. కాగితం సీటుకొస్తుంది. సీట్లో ఎవరున్నారో చూడ్డం నా డ్యూటీ కాదు," అని అతను వెళ్ళిపోయాడు.

ఆమె కాగితాలు పట్టుకుని సూపరింటెండెంటు దగ్గరికి పరిగెత్తింది. ఆయన నొచ్చుకున్నారు. "నాలుగేళ్ళుగా ఇదే వరసమ్మా. పొద్దున సీ-ఫోర్ మీద పెడతాడు, సాయంత్రం నేను తీసి బీరువాలో పెడతాను. పోనీ మీరు ఊరికే చూడండి. మీరొచ్చింది చూడ్డానికే కదా."

ఆమె గైడు గారికి ఫోన్ చేసి అడిగింది. పనిలో పాలుపంచుకుంటూ పరిశీలించడం చాలా గొప్ప పరిశోధనా పద్ధతి అనీ, అందరికీ ఆ అదృష్టం దొరకదనీ, మంత్రిగారు ఎప్పుడైనా అటు వస్తే తన పేరు చెప్పమనీ ఆయన అన్నారు.

ఆమె చూసిన మొదటి కాగితం ఒక పెద్దాయన రాసింది. ఆయనకున్న ఒక్క ఇంటికి మున్సిపాలిటీ వాళ్ళు రెండు డోర్ నంబర్లు ఇచ్చారు. ఒకటి తీసేయమని మూడేళ్ళుగా చెప్పులరిగేలా తిరుగుతున్నాడు. ఆమెకు జాలేసింది. 'ఒక నంబరు తీసేయవచ్చు' అని నోట్ రాసి, సూపరింటెండెంటు ముందు పెట్టింది. ఆయన చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మా, తీసేయవచ్చు అని రాస్తే తీసేస్తారు."

"తీసేయడానికే కదండీ ఆయన అడిగింది?"

"తీసేశాక ఆ నంబరు ఏమైందని రేపెవరైనా అడిగితే? కింద మన ఇనీషియల్ ఉంటుంది." ఆయన ఆమె నోట్ కింద తన చేత్తో మరో వాక్యం రాశారు. 'ఏ నంబరు తొలగించవలెనో, ఏ కారణముచే తొలగించవలెనో సంబంధిత శాఖ అభిప్రాయము కోరవచ్చును.'

ఆమె ఆ వాక్యాన్ని తన నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుని చాలాసేపు చూసింది. దాని వల్ల ఎవరి మీదకూ మాట రాదు. పనీ కాదు. జవాబుకు గడువైన తొంభై రోజుల దాకా ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. నాలుగేళ్ళు పుస్తకాలు తిరగేసినా ఇంత పని చేసే వాక్యం ఆమెకు తగల్లేదు. మెచ్చుకోకుండా ఉండలేకపోయింది.

ఆరు నెలల్లో ఆమె గురువును మించిపోయింది. సూపరింటెండెంటు ఒక కాగితంలో రెండు లోపాలు చూసేచోట ఆమె అయిదు చూసేది. దరఖాస్తులో తేదీ ఉంటే సంతకం కింద ఊరు లేదనేది. ఊరుంటే జతపరిచిన నకలు ఏ అసలుకు నకలో స్పష్టంగా లేదనేది. ఆఫీసంతా ఆమెను స్కాలరమ్మ అని పిలవడం మొదలెట్టింది. సూపరింటెండెంటు 'మీరు' నుంచి 'నువ్వు'లోకి దిగి, "నువ్వు చూడని కాగితం మీద నేను సంతకం పెట్టనమ్మా," అనేదాకా వచ్చారు. నిజంగానే పెట్టడం మానేశారు.

పరిశోధన మాత్రం ఆమె నిజాయితీగా చేసింది. ఆమె రాకముందు ఒక ఫిర్యాదు తేలడానికి సగటున రెండు వందల పన్నెండు రోజులు పట్టేది. వచ్చాక రెండు వందల అరవై మూడు పడుతోంది. నాలుగో చాప్టర్లో పట్టిక వేసి, కారణం ఇంకా లోతుగా పరిశీలించవలసి ఉందని రాసింది.

రెండో ఏడాది మొదట్లో మంత్రిగారు ఫోటోగ్రాఫర్లతో సహా ఆకస్మిక తనిఖీకి వచ్చారు. ఆకస్మిక తనిఖీ అని వారం ముందే సర్క్యులర్ వచ్చింది కాబట్టి బల్లలన్నీ తుడిచి ఉన్నాయి. ఏడు బల్లల్లో ఒక్కదాని దగ్గరే పెన్ను కదులుతుండడం మంత్రిగారి కంట పడింది.

"ఎవరీ అమ్మాయి?"

"సీ-ఫోర్ అండి," అన్నారు సూపరింటెండెంటు.

"ఇలాంటి వాళ్ళు పదిమంది ఉంటే చాలు నాకు," అన్నారు మంత్రిగారు.

"పది పోస్టులు శాంక్షన్ లేవండి. ఏడేనండి," అన్నాడు కార్యదర్శి.

ఫోటో పత్రికల్లో వచ్చింది. నెల తిరక్కుండా సీ-ఫోర్‌కు ఉత్తమ ఉద్యోగి ప్రశంసా పత్రం వచ్చింది. గైడు గారు పత్రికలోని ఆ ఫోటో కత్తిరించి తన గదిలో అతికించుకున్నారు. అయితే ఆ ప్రశంసా పత్రం నకలు సిబ్బంది విభాగానికి వెళ్ళడంతో అక్కడ కలకలం పుట్టింది. వాళ్ళ రిజిస్టరు ప్రకారం సీ-ఫోర్ అయిదేళ్ళుగా డ్యూటీలో చేరనే లేదు. ఇంతకాలం విధులకు ఎందుకు హాజరు కాలేదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మెమో పంపారు. అటెండరు దాన్ని తెచ్చి సీ-ఫోర్ బల్ల మీద పెట్టాడు.

స్కాలరమ్మ కంగారు పడలేదు. సదరు సీటు ఖాళీగా ఉన్నందున సంజాయిషీ ఇచ్చుటకు ఎవరూ లేరనీ, నియామకం జరిగిన వెంటనే వారి నుంచి సంజాయిషీ పొంది పంపగలమనీ జవాబు రాసింది. సిబ్బంది విభాగం సంతృప్తి చెందింది. ఆ జవాబు భాషను మిగతా విభాగాలకు నమూనాగా పంపారు కూడా.

ఇంట్లో పరిస్థితి వేరుగా ఉండేది. ఆమె ఉండేది అన్నావదినల దగ్గర. అన్నయ్య మోటార్ల మెకానిక్కు. వదిన ఆసుపత్రిలో నర్సు, రోజూ పదిమందికి ఇంజెక్షన్ వేసి మాట్లాడకుండా ఇంటికి పంపించే రకం. ఒకరోజు భోజనాల దగ్గర ఆవిడ, "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

"అన్నయ్య తిన్నాడా? ఏమన్నాడు?"

"మీ అన్నయ్యని అడగడం పెళ్ళయిన వారానికే మానేశాను. నువ్వు చెప్పు."

"చూసి చెప్తానొదినా."

"నోట్లోనే ఉంది కదే. ఇంకెక్కడ చూస్తావు?"

అన్నయ్యకు నవ్వాపుకోలేక పొలమారింది. వదిన మాత్రం నవ్వలేదు. "నేను రేపు రాత్రి డ్యూటీకి పోవాలి, అందుకే ఇవాళే అడుగుతున్నా. నీ థీసిస్ ఎక్కడిదాకా వచ్చింది? గడువు ఇంకా పద్నాలుగు రోజులే. ఆ కాలేజీ వాళ్ళు లెక్చరర్ పోస్టు ఆపి పెట్టింది నువ్వు సబ్మిషన్ రసీదు చూపిస్తావనే. ఆరేళ్ళు నువ్వు చదువుతుంటే నేను టీవీ సౌండు తగ్గించుకుని పెదాలు చూసి సీరియళ్ళు అర్థం చేసుకున్నాను. అది మర్చిపోకు."

"అయిపోయిందొదినా. బైండింగుకిచ్చాను," అంది స్కాలరమ్మ. అది నిజమే. మూడు వందల పద్దెనిమిది పేజీలు. ప్రభుత్వంలో ఆలస్యం ఎక్కడ పుడుతుందో, ఎలా పెరుగుతుందో అందులో విడమరిచి ఉంది. చదివితే ఎవరికైనా అర్థమవుతుంది. ఆమె ఆ థీసిస్‌ను ప్రేమించింది. లెక్చరర్ అయి, క్లాసులో నిలబడి పాఠం చెప్పాలని పదహారో ఏట నుంచీ ఆమె కోరిక.

యూనివర్సిటీ కౌంటరులో గుమాస్తా థీసిస్ తిరగేసి, ఆఫీసు కాగితాలు వాడారు కాబట్టి ఆ ఆఫీసు నుంచి అభ్యంతరం లేదని ఒక ముక్క తెమ్మన్నాడు. ఒక్క ముక్కే. ఆమె ఆ సాయంత్రమే దరఖాస్తు రాసి తన ఆఫీసు ఇన్‌వార్డులో ఇచ్చింది. మర్నాడు పదిన్నరకు అటెండరు దాన్ని తెచ్చి సీ-ఫోర్ బల్ల మీద పెట్టాడు.

సూపరింటెండెంటు గాజు తలుపు తీసుకుని స్వయంగా బయటికొచ్చారు. "నీదే కదమ్మా. రెండు లైన్లు రాసిచ్చెయ్. నేను సంతకం పెట్టి పైన కమిషనర్ గారి చేత పెట్టించుకొస్తాను." ఆయన ఇంత తొందరపడటం ఎవరూ చూడలేదు. ఆయనకు ఆమె అంటే కూతురి మీద ఉన్నంత అభిమానం.

స్కాలరమ్మ కాగితం చూసింది. పెన్ను తీసింది. మళ్ళీ మూత పెట్టింది.

"నా దరఖాస్తు మీద నేనే నోట్ రాయకూడదు కదండీ."

"రాయకూడదనుకో. కానీ రాసేందుకు ఇంకెవరున్నారమ్మా?"

"ఎవరున్నారన్నది కాదండీ. ఇది వేరే సీటుకు మార్చాలి."

ఆ మాట ఆయన నేర్పిందే. నిట్టూర్చి ఫైలు మీద 'సీ-త్రీకి' అని రాశారు. సీ-త్రీ పక్క బల్లే. అటెండరు ఆ ఫైలును ఒక మూర దూరం జరిపి, అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు.

తొమ్మిది రోజులు అది అక్కడే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. రోజూ పొద్దున బల్ల తుడిచేటప్పుడు స్కాలరమ్మ దాన్ని ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ అలాగే పెట్టేది. అన్నం సహించేది కాదు. బస్సులో ఏడుపొచ్చేది. ఇంటికెళితే వదిన వాకిట్లోనే నిలబడి, "వచ్చిందా?" అనేది. "నడుస్తోందొదినా," అనేది ఈవిడ. ఆ ఫైలు నడవడం లేదని ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆఖరి రోజు మధ్యాహ్నం మూడు దాటాక ఆఫీసుకు ఒక పెద్దమనిషి వచ్చారు. హెడ్మాస్టరుగా రిటైరై, రోజంతా ఇంట్లో కళ్ళముందు తిరిగితే తన వల్ల కాదని భార్య తేల్చి చెప్పడంతో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్లో పీహెచ్‌డీకి చేరినవారు. తెరిచిన తలుపు పథకం కిందే ఆయన్నూ పంపారు. సూపరింటెండెంటు ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, మరో మాట లేకుండా సీ-త్రీలో కూర్చోబెట్టారు.

హెడ్మాస్టరు ముందున్న ఒకే ఒక్క ఫైలు విప్పారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు. దరఖాస్తులో ఒక అక్షరదోషం దిద్దారు. తర్వాత నోట్ పేజీలో గుండ్రటి చేతిరాతతో 'ఇచ్చివేయవలెను. ఇందులో ఆలోచించుటకేమీ లేదు' అని రాసి, నిండా సంతకం చేసి, సూపరింటెండెంటుకు అందించారు. మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. జాప్య నివారణ విభాగం చరిత్రలో అంత వేగం ఎప్పుడూ నమోదు కాలేదు.

అప్పటికి మూడున్నర. కౌంటరు అయిదు దాకా ఉంటుంది. వదిన ఆసుపత్రికి సెలవు పెట్టి, థీసిస్ నాలుగు కాపీలూ ఒళ్ళో పెట్టుకుని, ఆ కౌంటరు ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఉంది. కాలేజీ ప్రిన్సిపాల్ రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నారు. పై అంతస్తులో కమిషనర్ గారు కుర్చీలోనే ఉన్నారు. ఇన్ని ఒకేరోజు కలిసిరావడం మామూలు విషయం కాదు.

సూపరింటెండెంటు పెన్ను ఎత్తారు. కాగితం దాకా తెచ్చి ఆగారు.

"ఒక్కసారి చూసివ్వమ్మా," అన్నారు మొహమాటంగా. "నువ్వు చూడందే చెయ్యి పడటం లేదు."

స్కాలరమ్మ ఫైలు అందుకుంది. 'ఇచ్చివేయవలెను' అన్న మాట చదవగానే కళ్ళు చెమర్చాయి. ఈ గదిలో అలాంటి మాట రాసిన కాగితం ఆమె చూడటం అదే మొదలు. సంతోషం పట్టలేక మళ్ళీ చదివింది. వదినకు ఫోన్ చేసి లేచి నిలబడమని చెబుదామనుకుంది. మూడోసారి చదువుతుంటే చూపు సంతకం మీదికి జారింది. సంతకం కింద పేరుంది. తేదీ ఉంది. హోదా లేదు.

ఆమె ఒక నిమిషం కిటికీలోంచి బయటికి చూసింది. ఆ తర్వాత పెన్ను మూత తీసింది.

'ఈ నోట్ వ్రాసిన వారు ఈ కార్యాలయ ఉద్యోగి కారు. విద్యార్థి మాత్రమే. విద్యార్థి వ్రాసిన నోట్‌పై ఎట్టి చర్యా తీసుకొనుటకు వీలులేదు. ఫైలు వాపసు చేయవచ్చును.' కింద ఇనీషియల్ వేసి, తేదీ వేసి, సూపరింటెండెంటుకు ఇచ్చింది.

ఆయన చదివారు. ఆమె మొహం చూశారు. రెండేళ్ళుగా ఆమె నోట్ రాసిన ఫైళ్ళు సర్దిన బీరువా వైపు ఒకసారి చూసి, చప్పున చూపు తిప్పుకున్నారు. ఆ తర్వాత, ఆమె చూసిన కాగితమే కాబట్టి, సంతకం పెట్టేశారు.

హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ఆ నాలుగు వాక్యాలూ జాగ్రత్తగా చదివారు. ఎర్ర పెన్ను అవసరం పడలేదు.

"భాషలో తప్పేం లేదు," అన్నారు. "ఇంతకీ నువ్వెవరివమ్మాయ్ ఇక్కడ?"

బల్ల మీద ఫోన్ మోగుతోంది. వదిన పేరు కనిపిస్తోంది. స్కాలరమ్మ దాన్ని బోర్లించి పెట్టింది.

"సీ-ఫోర్ అండి," అని చెప్పి, తరువాతి కాగితం ముందుకు లాక్కుంది.